బుగ్గ మీది మడత

కార్డు మీద మడత ఉంటే మడతను అలాగే ఉంచాలి, మరక ఉంటే మరక కనిపించాలి, ఏదీ చెరపకూడదు. అమెరికా నుంచి ఫోన్లో మా పని చూసే ఆవిడ చెప్పింది అంతే. ఆ ఫోను ఎత్తింది నేను. ఆ మాటను పక్క కుర్చీలో కూర్చునే నా మిత్రుడికి చెప్పవలసిందీ నేనే. చెప్పలేదు. తర్వాత అతను మర్చిపోయావనుకుంటే అవునన్నాను. మర్చిపోలేదు.

పాత ఆఫీసు వాళ్ళం అప్పుడప్పుడూ కొండాపూర్‌లో ఏదో ఒక హోటల్లో కలుస్తుంటాం. బిర్యానీ అయ్యాక ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. "మన స్టూడియో యాదికున్నడా? అమెరికా ముసలాయనకు పెండ్లికొడుకు మేకప్ ఏసిండు!" అని ఒకరంటే, "మన డిక్షనరీ ముందే చెప్పిండట, వాడు వినలే" అని ఇంకొకరు అందుకుంటారు. స్టూడియో అంటే నా మిత్రుడు. డిక్షనరీ అంటే నేను. అతను ఆ కలయికలకు రాడు. నేను వెళ్తాను, అందరితో పాటు నవ్వుతాను. ఆ కథ తప్పు. జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో అప్పటికింకా రాతిగుట్టలే ఎక్కువ. గుండ్రటి కొత్త టవర్ లేచింది కానీ దాని చుట్టూ రోడ్డు పూర్తి కాలేదు. ఎండాకాలం గాలి వీస్తే టవర్ అద్దాలూ మా కిటికీలూ ఒకే ఎర్రదుమ్ముతో నిండేవి. ఆ టవర్‌కు ఎదురుగా ఒక ఇంటి పై అంతస్తులో మా ఆఫీసు. కింద ఇంటివాళ్ళు వడియాలు ఎండబెట్టుకునేవారు, పైన మేము విదేశీ కంపెనీల పనులు టైపు చేసిపెట్టేవాళ్ళం. అందులో ఒకటి పాత బేస్‌బాల్ కార్డులను వేలం వేసే సంస్థ పని.

ఆ కార్డుల సంగతి మాకు ముందు ఏమీ తెలియదు. అక్కడ పూర్వం సిగరెట్ పెట్టెల్లో, తర్వాత చూయింగ్ గమ్ పొట్లాల్లో ఆటగాళ్ళ బొమ్మల కార్డులు వేసి అమ్మేవారట. మన పిల్లలు క్రికెటర్ల కార్డులు దాచుకున్నట్టే అక్కడి పిల్లలూ దాచుకున్నారు. తేడా ఏమిటంటే వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక కూడా మానలేదు. పాత కార్డు దొరికితే దాన్ని గ్రేడింగుకు పంపుతారు. నిపుణులు భూతద్దం పెట్టి మూలలు అరిగాయా, మడత పడిందా, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా అని చూసి, ఒకటి నుంచి పది వరకు మార్కు వేస్తారు. ఆ కార్డును గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, మార్కు రాసిన చీటీని పైన కనబడేలా పెడతారు. వేలంలో ఎవరెంత పాడాలన్నా ముందు చూసేది ఆ మార్కునే. ఒక్క సన్నని మడత చాలు, ఎనిమిది రావలసిన కార్డుకు రెండు రావడానికి.

అక్కడ రాత్రి స్కాన్ చేసిన బొమ్మలు మాకు పొద్దున్నే కంప్యూటర్లో వచ్చి ఉండేవి. నేను ఆ స్కాన్ చూసి ఇంగ్లీషులో వివరణ రాయాలి: ఆటగాడు ఎవరు, ఏ కాలం కార్డు, రంగులెలా ఉన్నాయి, లోపాలేమిటి. అదే స్కాన్‌ను అతను దిద్దాలి. వంకరగా ఉంటే తిప్పాలి, ప్లాస్టిక్ మీద పడ్డ వెలుగు చారలూ, గీతలూ, దుమ్మూ తీసేయాలి. సాయంత్రానికి రెండూ కలిపి పంపేవాళ్ళం. మా ఇద్దరిలో ఎవరమూ ఆ ఆట చూడలేదు.

"ఏం ఆటరా ఇది?" అనేవాడు అతను తెర మీది ఆటగాణ్ణి చూస్తూ. "వికెట్లు లేవు, గిల్లీ లేదు. కట్టె మాత్రం మా అమ్మ బట్టలుతికే కట్టె లెక్క ఉన్నది."

అతనిది లింగంపల్లి. స్టేషన్ దగ్గర వాళ్ళ నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసి మొటిమలూ మచ్చలూ పోగొట్టడం అతను అక్కడే నేర్చుకున్నాడు. కంప్యూటర్ వచ్చాక ఆ చెయ్యే మౌస్ మీదకు మారింది. నాదీ ఆ ఊరే, స్టేషన్‌కు ఇంకో వైపు. ఇంగ్లీషు మీడియంలో బీకాం చదివాను, ఆఫీసులో ఎవరికి ఏ మాటకు అర్థం కావాలన్నా నన్ను అడిగేవారు. నాకు పేరు అలా వచ్చింది. ఆ పేరంటే మొదట్లో నాకు గర్వంగానే ఉండేది.

గర్వం ఎప్పుడు పోయిందో చెప్పగలను. అమెరికా సంస్థలో మా పని చూసే ఆవిడ వారానికోసారి ఫోన్ చేసేది. మా సార్ స్పీకర్ నొక్కి అందర్నీ చుట్టూ నిలబెట్టేవాడు. ఆవిడ ప్రతిసారీ ఒకటే మాట: ఆ ఫోటోలు చేసే అబ్బాయికి చెప్పండి, మా దగ్గర వేలం పాడేవాళ్ళు బొమ్మలు చూసే వస్తున్నారు అని. సార్ వెంటనే స్పీకర్ వైపు వంగి థాంక్యూ చెప్పి, అతని భుజం తట్టేవాడు. నేను అక్కడే నిలబడి ఉండేవాణ్ణి. ఒక్కో కార్డుకు సరైన విశేషణం కోసం నేను మధ్యాహ్నాలు తల పట్టుకునేవాణ్ణి. మూల అరిగిందని రాయడానికి, మూల మెత్తబడిందని రాయడానికి తేడా ఉందని నాకు తెలుసు. నా వాక్యాల గురించి ఆవిడ ఎన్నడూ ఏమీ అనలేదు. తప్పు పట్టినా బాగుండేది.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళకు అతని కంప్యూటర్ చుట్టూ జనం. ఒకరికి పాస్‌పోర్ట్ ఫోటో తెల్లగా కావాలి, ఇంకొకరికి తాతగారి చిరిగిన ఫోటో అతకాలి. అతను అందరికీ చేసిపెట్టేవాడు, ఒక చేత్తో తింటూ.

ఇంట్లో కూడా నాకు తప్పలేదు. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజులు. మంచి ఫోటో కావాలని మా అమ్మ అంటే అతను తనే కెమెరా పట్టుకుని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. చెల్లెలికి గడ్డం మీద చిన్నప్పటి గాటు ఉంది. ఫోటో తీశాక అతను అడిగాడు.

"చెల్లె, గీ గాటు తీసెయ్యాల్నా, ఉంచాల్నా?"

"ఉంచన్నా. రేపు వచ్చేటోడు గాటుతోటే చూడాలె గదా."

"అయితే ఉంచుత."

ఎవరి ఫోటో అయినా అతను అలా అడిగి కానీ ముట్టుకునేవాడు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అతను గాటును ఉంచి, వెలుతురును మాత్రం సరిచేశాడు. ఆ ఫోటోలో మా చెల్లెలు అప్పుడే ఏదో మాట విని నవ్వబోతున్నట్టు ఉంటుంది. మా అమ్మ దాన్ని టీవీ మీద పెట్టి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించింది.

"ఆ పిల్లగాని చేతిల ఏదో ఉన్నది బిడ్డా," అంది నాతో. "నువ్వు గూడ గసొంటిది ఏమన్న నేర్చుకోరాదు?"

నేను రోజంతా రాసే ఇంగ్లీషు మా అమ్మ చదవలేదు. అతని పని ఎవరికైనా కనిపిస్తుంది. ఓర్వలేనితనం అనే మాటను మా అమ్మ మా పక్కింటివాళ్ళ గురించి వాడేది. ఆ మాట నాకు కూడా వర్తిస్తుందని ఆ రోజు టీవీ ముందు నిలబడి నాకు తెలిసింది. తెలిసినా తగ్గలేదు. అతను నవ్వితే చిరాకు, నవ్వకపోతే పొగరనిపించేది. అతను నా డబ్బాలోంచి పచ్చిపులుసు పోసుకుని "అమ్మ చేతి పులుసు కిరాక్ ఉన్నది" అంటే, మా అమ్మను కూడా లాక్కుంటున్నాడనిపించేది.

ఇలా ఉండగా సార్ మా ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. ఆయనది భీమవరం వైపు, ఎంత చిన్నవాళ్ళనైనా మీరు అనే పలకరించేవాడు.

"మన ఆఫీసు టవర్లోకి మారుతోందండి. అక్కడికెళ్ళాక ఈ కార్డుల పని పెద్దదవుతుంది. మీ ఇద్దరిలో ఒకర్ని ఆ సెక్షన్‌కి ఇన్‌ఛార్జ్ చేద్దామనుకుంటున్నాను. ఎవరన్నది క్లయింట్ మాట మీద ఉంటుందండి. కష్టపడండి."

క్లయింట్ అంటే ఫోన్లో ఆవిడ. ఆవిడ మాట ఎటు ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ వారమే అతను టీ బండి దగ్గర నాతో అన్నాడు: "అరే, స్టూడియో బంద్ పెడుతున్నం."

"ఎందుకు?"

"నాయినకు కండ్లు సరిగ కనిపిస్తలేవు. నేను ఆదివారాలే కూసుంటున్న. కిరాయి దండుగ. ఇగ ఈ కొలువే పక్కా అనుకున్న."

"సార్ పక్కా అన్నడా?"

"అనలే. గానీ మేడమ్ నన్నే అడుగుతది గదరా ఎప్పుడు."

గొప్పకు అన్న మాట కాదు అది. ఉన్నమాట అన్నాడు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంది. ఆదివారం నన్ను కూడా పిలిస్తే వెళ్ళాను. బోర్డు దింపాం, లైట్ల స్టాండ్లు ఆటోలో ఎక్కించాం. గోడకు వేలాడే తెర, కొండలూ జలపాతమూ వేసిన గుడ్డ, చుట్టి నా భుజం మీద పెట్టారు. వాళ్ళ నాన్న ఖాళీ గదిని ఊడ్చి, తాళంచెవి ఇంటివాళ్ళ చేతికిచ్చి, కొడుకు వైపు తిరిగి "ఇగ నీదే భారం" అన్నాడు. కాబట్టి అతనికి ఆ ఉద్యోగం ఏమిటో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఫోన్ వచ్చింది ఒక శుక్రవారం. పటాన్‌చెరులో ముందే ఒప్పుకున్న పెళ్ళి ఉందని అతను సెలవు పెట్టాడు. సార్ టవర్లో మా కొత్త గదులు చూడటానికి వెళ్ళాడు. నేను ఎత్తాను. ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. ఫోటోలు చేసే అబ్బాయి ఉన్నాడా అని అడిగింది. లేడన్నాను. నువ్వెవరు అంది. వివరణలు రాసేది నేనేనని చెప్పాను. ఓ, అంది. వివరణలు ఏ పాత కేటలాగుల్లోంచో దించుతారనుకున్నాను, దానికి ఒక మనిషి ఉన్నాడనుకోలేదు, అని నవ్వింది.

ఏడాదికి పైగా ఆవిడ నా వాక్యాలు చదువుతోంది.

తర్వాత పని మాట చెప్పింది. వచ్చే వారం కొత్త రకం కార్డులు వస్తున్నాయి. ఎవరో చనిపోతే వాళ్ళ ఇంట్లో బిస్కెట్ డబ్బాలో దొరికాయి. సిగరెట్ పెట్టెల కాలం నాటివి. బాగా నలిగి ఉన్నాయి, అన్నిటికీ తక్కువ మార్కులే. ఇప్పటిదాకా పంపినవి మంచి కార్డులు కాబట్టి ఈ సంగతి చెప్పే అవసరం రాలేదు. ప్లాస్టిక్ మీది గీతలు తీయవచ్చు, కార్డు మీదివి మాత్రం ముట్టుకోకూడదు. చాలా ముఖ్యం, ఆ అబ్బాయికి చెప్పు, అంది. చెబుతానన్నాను.

సార్ రాగానే ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీల కొలతల మీద ఉన్నాడు. "అయితే మీరే చెప్పేయండి ఆయనకి. పక్కపక్కనే కూర్చుంటారు కదండీ," అన్నాడు.

సోమవారం అతను పెళ్ళివాళ్ళు ఇచ్చిన లడ్డూలు కాగితంలో చుట్టి తెచ్చాడు. పెద్దది నాకిచ్చాడు. టీ తాగాక చెబుదామనుకున్నాను. ఇది మాత్రం నిజం, అనుకున్నాను. అతను మొదటి స్కాన్ తెరిచాడు.

ఎర్రటి నేపథ్యంలో ఒక ఆటగాడి ముఖం. టోపీ, పెద్ద కాలర్, దవడ బలంగా ఉంది. టోపీ అంచు దగ్గర మొదలైన మడత కంటి పక్కగా బుగ్గ మీదుగా కాలర్ దాకా దిగింది. మడత వెంబడి రంగు లేచిపోయి తెల్లగా ఉంది. కింద మూలలో టీ ఒలికినట్టు మరక. పైన చీటీ మీద అంకె రెండు.

"పాపం ముసలాయన," అన్నాడతను. "చూడరా, ముఖం మీదికెల్లి బండి పోయినట్టున్నది." కొంచెంసేపు చూసి నా వైపు తిరిగాడు. "ఏమంటవ్? గీ మడత తీసెయ్యాల్నా, ఉంచాల్నా?"

మా చెల్లెలిని అడిగినట్టే అడిగాడు. మాట నా నోటిదాకా వచ్చింది. ఉంచు, మేడమ్ చెప్పింది, అంటే అయిపోయేది. లడ్డూ తీపి ఇంకా నాలుక మీదే ఉంది.

"నన్నడుగుతవేంది? నీకు తెల్వనిదా?" అన్నాను.

"గంతేనంటవా," అని మౌస్ పట్టుకున్నాడు.

అతను ఆ బుగ్గను ఎలా బాగుచేశాడో పక్కనుంచి చూశాను. మడతకు అటూ ఇటూ ఉన్న చర్మం రంగును కొద్దికొద్దిగా తెచ్చి అద్దాడు. కంటి కింద నీడను తిరిగి అల్లాడు. మరకను ఎర్రటి నేపథ్యంలో కలిపేశాడు. మధ్యాహ్నానికి ఆ మనిషి నిన్ననే ఫోటో దిగినట్టున్నాడు. అతను అందర్నీ పిలిచాడు. "ముసలాయన పెండ్లికొడుకైండు సూడుండ్రి!" వాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నాకు ఆ చప్పట్లే వినబడ్డాయి.

నేను నా పని చేశాను. టోపీ అంచు నుంచి కాలర్ దాకా ముఖం మీదుగా నిలువు మడత ఉందనీ, రంగు పోయిందనీ, కింద గోధుమరంగు మరక ఉందనీ రాశాను. అసలు స్కాన్‌ను పెద్దది చేసి చూసి, మడత ఎక్కడ వంగిందో కూడా రాశాను. అంత శ్రద్ధగా అంతకుముందు ఎన్నడూ రాయలేదు. నేను రాసింది నిజమే, అతని బొమ్మే అబద్ధం. ఆ తేడా ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని నాకు తెలుసు. ఆ వారమంతా అలాగే నడిచింది. అతను మడతలు తీస్తూ పోయాడు, నేను మడతలు రాస్తూ పోయాను.

వేలం బాగా సాగిందట. చీటీ మీద రెండు ఉన్నా బొమ్మ మచ్చలేకుండా ఉండేసరికి, గ్రేడింగ్‌వాళ్ళే పొరబడ్డారనుకున్నారు కొనేవాళ్ళు. తీసుకుని, ప్లాస్టిక్ పగలగొట్టి మళ్ళీ పంపితే మంచి మార్కు వస్తుందని ఆశపడి ఒకరి మీద ఒకరు పాడారు. మడత సంగతి నా వివరణలో ఉంది. చాలామంది చదవలేదు. చదివినవాళ్ళు, రాసినవాడెవడో వేరే కార్డు వివరాలు పెట్టాడనుకున్నారు. అప్పుడు కూడా బొమ్మనే నమ్మారు. ఈ సంగతి తెలిసిన రోజున, అంత భయంలోనూ నాకు అసూయ వేసింది. దాచడం ఎందుకు.

కార్డులు ఇళ్ళకు చేరాక గొడవ మొదలైంది. కొన్న ఒకాయన బొమ్మనూ కార్డునూ పక్కపక్కన పెట్టి, కార్డులు సేకరించేవాళ్ళంతా చూసే వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఆ సంస్థ అన్ని కార్డులూ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సార్ మా ఇద్దర్నీ పిలిచి తలుపు వేశాడు. ఆయన కోపంలో కూడా గొంతు పెంచలేదు.

"మోసం అంటున్నారండి. వాళ్ళ నోటి నుంచి ఆ మాట నేను వినాలా? మడతలు ముట్టుకోవద్దని ముందే చెప్పాం అంటోంది ఆవిడ. నేను ఈయనతో చెప్పించాను కూడా." నా వైపు తిరిగాడు. "మీరు చెప్పారా, లేదా?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ నాకు తెలియదు. అతను నా ముఖం చూశాడు. నా ముఖంలో భయం కనబడి ఉంటుంది, అదొక్కటే కనబడి ఉంటుంది.

"చెప్పిండు సార్," అన్నాడు. "నేనే యాదిమర్సిన."

సార్ చాలాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పాడు. "అయితే నేను చేయగలిగింది లేదండి. వాళ్ళకి ఎవరో ఒకర్ని చూపించాలి," అన్నాడు.

టీ బండి దగ్గర అతను రెండు గ్లాసులు తీసుకున్నాడు. ఒకటి నా చేతికిచ్చాడు.

"ఎందుకట్లన్నవ్?" అని అడిగాను.

"మరేమనాలె? నువ్వు చెప్పలేదంటే ఇద్దర్ని తీసేస్తుండె. నీ చెల్లె పెండ్లున్నది ముందట." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు మర్సిపోయినవ్, గంతే గదా. నేనడిగినప్పుడు గూడ యాదికి రాలే నీకు. ఎవరు మర్వరు?"

కావాలని చేసి ఉంటానన్న ఆలోచనే అతనికి రాలేదు.

"అవునురా. మర్సిపోయిన," అన్నాను.

"ఫికర్ జెయ్యకు. ముందుగాల చాయ్ తాగు, సల్లారుతున్నది."

నేను ఇన్‌ఛార్జ్ అయ్యాను. టవర్లో నాకు కిటికీ పక్క కుర్చీ వచ్చింది. అక్కడి నుంచి చూస్తే మా పాత ఆఫీసు మిద్దె, దాని మీద ఆరబెట్టిన వడియాలు చిన్నగా కనబడేవి. ఫోన్లో ఆవిడ నా పేరు నేర్చుకుంది. కొంతకాలానికి ఆ సంస్థ తన పని ఇంకెవరికో ఇచ్చుకుంది. నేను వేరే కంపెనీకి, అక్కడి నుంచి ఇంకో దానికి వెళ్ళాను. ఎవరు ఎప్పుడు అడిగినా నా మొదటి పెద్ద ఉద్యోగం అదే.

స్టూడియో గదిని అప్పటికే ఎస్టీడీ బూత్‌కు ఇచ్చేశారు. అతను వేరేవాళ్ళ కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకు తిరిగాడు. వాళ్ళ నాన్న స్టేషన్‌కు వెళ్ళాలంటే ఆ బూత్ ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళేవాడని విన్నాను. మా చెల్లెలి పెళ్ళికి ఫోటోలు అతనే తీశాడు. ఆ ఆల్బం ఇప్పుడు కూడా బాగుంటుంది. అందులో నేనున్న ప్రతి ఫోటోలోనూ కెమెరా వైపు కాక పక్కకు చూస్తుంటాను.

ఇదంతా ఇక్కడితో ఆగిపోయేదేమో. పోయినేడు కొండాపూర్ హోటల్లో మళ్ళీ ఆ కథ ఎత్తారు. అప్పటి పిల్లవాడొకడు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. "ఆ స్టూడియో గాడు జర దిమాక్ పెట్టి ఉంటే ఎక్కడో ఉండేటోడు" అన్నాడు. అందరూ తలూపారు. నేను కూడా ఊపాను. ఇంటికి వచ్చాక నా తలంటే నాకే అసహ్యమేసింది.

ఆ ఆదివారం, ఎన్నో ఏళ్ళుగా నేను చూడని వేలం సైట్లు తెరిచాను. ఆ ఆటగాడి పేరు నాకు గుర్తుంది. అతని కార్డులు చాలానే కనబడ్డాయి. తర్వాతి నెలల్లో అప్పుడప్పుడు చూస్తూ వచ్చాను. ఒక రోజు అది కనబడింది. ఎర్రటి నేపథ్యం, టోపీ అంచు నుంచి కాలర్ దాకా మడత, మూలలో మరక. చీటీ మీద రెండు. ఆ మడతను నేను వాక్యంగా రాశాను, నేను పొరబడను.

నేను పాడితే ఇంకెవరో నా మీద పాడారు. మళ్ళీ పాడితే మళ్ళీ. ముఖం తెలియని ఆ మనిషి మీద నాకు కడుపుమంట లేచింది. ఆ మంట నాకు బాగా తెలిసిందే. ఈసారి మాత్రం దాన్ని ఒక మంచి పనికి వాడుకున్నాను. కార్డు నాకు దక్కింది.

పార్సిల్ వచ్చి విప్పితే ఆశ్చర్యమేసింది. ప్లాస్టిక్ పెట్టె లోపల ఆ కార్డు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, అంతే. మేము ఎన్నో నెలలు వాటిని తెర నిండా చూశాం. ఒక్కదాన్ని కూడా చేత్తో పట్టుకోలేదు.

దాన్ని జేబులో పెట్టుకుని చందానగర్ వెళ్ళాను. అతనికి ఇప్పుడు అక్కడ ఆల్బంలు ముద్రించే ల్యాబ్ ఉంది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక పెళ్ళికూతురి నగ మీది మెరుపు సరిచేస్తున్నాడు.

"అరే డిక్షనరీ! తొవ్వ తప్పి వచ్చినవా?"

నేను కార్డు అతని ముందు పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏందిది?... అరే, గాయనే గదరా! గింతేనా?" పగలబడి నవ్వాడు. "గింత మనిషా నా కొలువు మింగింది?" లైటు దగ్గరకు పట్టి కొంచెం వాల్చి చూశాడు. "మడత సూడు. నేను మస్తు సాఫ్ జేసిన గదా. కానీ గిట్లనే మంచిగున్నడు. ఏ, ఈయన్ని గిట్లనే ఉంచాల్సుండె."

"నేను మర్సిపోలే," అన్నాను.

"ఏంది?"

"మేడమ్ ఫోన్ల చెప్పింది. నాకు యాదికున్నది. నువ్వు తీసెయ్యాల్నా ఉంచాల్నా అని అడిగినప్పుడు గూడ యాదికున్నది. కావాల్నని చెప్పలే."

అతని నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద ఉండిపోయి, మెల్లగా అర్థం కోల్పోయింది. కార్డును బల్ల మీద, బోర్లా కాకుండా, జాగ్రత్తగా పెట్టాడు. తెర మీది పెళ్ళికూతురి బొమ్మను మూసేశాడు.

"ఎందుకు?"

"ఓర్వలేక."

బయట ఆటోలు పోతున్నాయి. అతను కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

"మా నాయినకు గూడ నేను గట్లనే చెప్పినరా," అన్నాడు చివరికి. "నేనే యాదిమర్సిన అని. పోయేదాక అన్నడు, చేతికొచ్చిన కొలువు సోయి లేక పోగొట్టుకున్నవ్ అని. నాకు గూడ గట్లనే అనిపించింది. నిన్ను నేను అడిగితిని గదా, ఇంకోపారి అడగాల్సుండె అని."

ఇంటి నుంచి వస్తూ ఎన్నో మాటలు కూర్చుకున్నాను. నా మాటలు ఎప్పుడూ బాగుంటాయి. వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

"నువ్వు అడిగింది సరిపోయింది," అన్నాను. "నీ సోయి ఎన్నడు పోలే. నేనే నోరు మూసుకున్న. నీ కొలువు పోయింది నాతోటి, మీ నాయిన నిన్ను అన్న మాటలు నావల్ల. ఈ ముచ్చట మనోల్లందరికీ రాసి చెప్త. తప్పు జేసినరా. నన్ను మాఫ్ చెయ్యి."